స్క్రీన్ మారిందా? మనిషి మారారా?

అరవై అయిదేళ్ల పెద్దాయన. రిటైరై ఆరేళ్లయింది. కరెంటు బిల్లు కట్టడం, గ్యాసు బుక్ చేయడం, మనవరాలి పుట్టినరోజుకు వెయ్యి రూపాయలు పంపడం... నాలుగేళ్లుగా అన్నీ ఫోన్లోనే సొంతంగా చేసుకుంటున్నారు. ఉన్నట్టుండి ఒక నెల బిల్లు కట్టలేకపోయారు. ఎప్పుడూ నొక్కే బటన్ ఉన్నచోట లేదు. దాన్ని వెతుకుతుండగా ఓటీపీ వచ్చింది. మెసేజ్ తెరిచి చూసి వెనక్కి వచ్చేసరికి అంకెలు గుర్తులేవు. రెండోసారి ప్రయత్నించేలోగా గడువు దాటిపోయింది. పక్కనే ఉన్న కొడుకు ‘ఇటివ్వండి నాన్నా, నేను కట్టేస్తా’ అని ఫోన్ తీసుకున్నాడు. ఆ తర్వాత ఆయన మళ్లీ ఎప్పుడూ బిల్లు కట్టలేదు.

ఇలాంటి ఇల్లు మీకు తెలిసే ఉంటుంది. కొన్నాళ్లకు ఆ కొడుకో కోడలో పెద్దాయన్ని వెంటబెట్టుకుని ఆసుపత్రికి వస్తారు. ‘నాన్నగారికి మతిమరుపు మొదలైందండీ. ఫోన్ కూడా వాడలేకపోతున్నారు’ అంటారు. జనరల్ మెడిసిన్ ఓపీలో ఇప్పుడు తరచూ వినిపించే మాట ఇది. పక్కన కూర్చున్న పెద్దాయన తల దించుకుని ఉంటారు. తనకు ఏదో అయిపోతోందని అప్పటికే ఆయన నమ్మేసి ఉంటారు.

అక్కడ అడగాల్సిన మొదటి ప్రశ్న ఒకటుంది. ఆ యాప్ ఈమధ్య మారిందా, లేక ఆయనే మారారా? స్కానింగులు, రక్తపరీక్షలు రాయడానికి ముందే ఈ ప్రశ్నకు జవాబు రావాలి. ఆ జవాబు మా దగ్గర ఉండదు. మీ ఇంట్లో ఉంటుంది.

వంటింటి గట్టు అంత చోటే

జ్ఞాపకశక్తి అంటే ఒకే పెద్ద సంచి అనుకుంటాం. నిజానికి అందులో వేర్వేరు అరలున్నాయి. చిన్ననాటి స్నేహితుడి పేరు, పెళ్లినాటి ముచ్చట్లు, సైకిల్ తొక్కే నేర్పు వంటివి ఏళ్ల తరబడి నిలిచే అర ఒకటి. ఇప్పుడే విన్న ఫోన్ నంబరును డయల్ చేసేదాకా పట్టి ఉంచే అర మరొకటి. ఈ రెండోదాన్ని వర్కింగ్ మెమరీ అంటాం.

మొదటిది సామాన్ల గది అనుకుంటే, రెండోది వంటింటి గట్టు. గదిలో ఏడాదికి సరిపడా సరుకులు పట్టవచ్చు. కానీ పని జరిగేది గట్టు మీదే. రెండు గిన్నెలు, తరిగిన కూరముక్కలు, పోపుల డబ్బా పెడితే అది నిండిపోతుంది. ఇంకొకటి పెట్టబోతే ఏదో ఒకటి కింద పడుతుంది.

ఈ గట్టు ఎంత చిన్నదో శాస్త్రవేత్తలు చాలాకాలంగా కొలుస్తున్నారు. 1956లో అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త జార్జ్ మిల్లర్, మనిషి ఒకేసారి ఏడు అంశాలను, అటూ ఇటుగా మరో రెండింటిని పట్టి ఉంచగలడని రాశారు. 2001లో నెల్సన్ కోవన్ అనే పరిశోధకుడు తర్వాతి అధ్యయనాలన్నిటినీ పరిశీలించి, అసలు సంఖ్య నాలుగు దగ్గరే ఉంటుందన్నారు. ఇది ఆరోగ్యంగా ఉన్న యువతీయువకుల లెక్క. ఆరంకెల ఓటీపీని ఒక్కొక్క అంకెగా పట్టుకుంటే ఎందుకు జారిపోతుందో దీన్నిబట్టి అర్థమవుతుంది. అదే అంకెల్ని మూడేసి చొప్పున రెండు ముక్కలుగా చదివితే నిలుస్తాయి. అప్పుడు మోయాల్సినవి రెండే కదా.

వయసుతో ఈ గట్టు కొంచెం కొంచెంగా చిన్నదవుతుంది. చుట్టూ జరిగే గొడవను పక్కన పెట్టి ఒక్కదాని మీద దృష్టి నిలపడం కూడా కష్టమవుతుంది. ఇది జబ్బు కాదు, జుట్టు నెరవడంలాంటిదే. సామాన్ల గది మాత్రం అంత తేలిగ్గా తరగదు. మాటల సంపద, లోకానుభవం, మనిషిని చూసి అంచనా వేసే నేర్పు అరవై దాటినా నిలిచే ఉంటాయి. చీటీల లెక్కలు నోటితో చెప్పేసే అమ్మ, అదే చేత్తో ఫోన్లో రీచార్జ్ చేయలేక తడబడటంలో వింతేమీ లేదు. ఒకటి గదిలోంచి వస్తుంది. ఇంకొకటి గట్టు మీద చోటు అడుగుతుంది.

స్క్రీన్ ఆ చోటును ఎలా తినేస్తుంది?

ఏ పనికైనా దాని సొంత బరువు కొంత ఉంటుంది. కరెంటు బిల్లు కట్టాలంటే సర్వీసు నంబరు ఇవ్వాలి, మొత్తం సరిచూసుకోవాలి, పిన్ కొట్టాలి. అది తప్పదు. కానీ ఆ పనిని స్క్రీన్ మీద అమర్చిన తీరు వల్ల అదనపు బరువు వచ్చిపడుతుంది. 1980ల చివర్లో ఆస్ట్రేలియాకు చెందిన జాన్ స్వెల్లర్ మొదలుపెట్టిన పరిశోధనలు ఈ అదనపు బరువు గురించే. విషయం కష్టమైనదైతే ఏమీ చేయలేం. చూపించే తీరు కష్టంగా ఉంటే మాత్రం దాన్ని మార్చవచ్చు.

ఆ అదనపు బరువు ముఖ్యంగా నాలుగు రకాలుగా పడుతుంది.

మొదటిది, మోత. ఒక చోట చూసిన దాన్ని ఇంకో చోటికి మోసుకెళ్లమనడం. ఓటీపీ ఒక స్క్రీన్లో, దాన్ని నింపాల్సిన గడి ఇంకో స్క్రీన్లో. సర్వీసు నంబరు పాత బిల్లు మీద, దాన్ని కొట్టాల్సింది ఫోన్లో. మధ్యలో ‘ఎవరమ్మా ఫోన్లో?’ అని ఎవరైనా అడిగితే చాలు, మోసుకొస్తున్నది జారిపోతుంది.

రెండోది, చోటు మారడం. మనం బటన్ మీద ఉన్న అక్షరాలు చదివి నొక్కుతున్నామనుకుంటాం. పది రోజులు వాడాక చాలావరకు చోటును బట్టే వేలు వెళుతుంది. చీకట్లో స్విచ్ బోర్డు మీద చేయి వెళ్లినట్టు. అలా అలవాటైన పనికి గట్టు మీద చోటే అక్కర్లేదు. అప్‌డేట్ వచ్చి బటన్‌ను కింది నుంచి పైకి మార్చిన రోజున ఆ అలవాటంతా వృథా. పైగా అది తప్పుచోటికి లాగుతుంది. కొత్తగా నేర్చుకునేవాడి కంటే బాగా అలవాటైనవాడే ఆ రోజు ఎక్కువ తడబడతాడు.

మూడోది, రద్దీ. బిల్లు కట్టే యాప్‌లోనే లోన్ ప్రకటన, బంగారం పథకం, కదిలే బొమ్మ, గీకితే బహుమతి అనే కార్డు. ఒకే రంగులో ఒకేలా ఉండే ఇరవై గుర్తులు. వీటిలో అక్కర్లేనివి ఏవో తేల్చుకోవడమూ మెదడుకు పనే.

నాలుగోది, గుర్తుతెచ్చుకోమనడం. ఎదురుగా ఉన్నదాన్ని గుర్తుపట్టడం తేలిక. ఎదురుగా లేనిదాన్ని గుర్తుతెచ్చుకోవడం కష్టం. పెళ్లిలో కనిపించిన మనిషి ముఖం చూడగానే తెలిసినవారే అనిపిస్తుంది, పేరు మాత్రం నోటికి రాదు. స్క్రీన్ మీద ‘బిల్లు కట్టండి’ అన్న మాట కనిపిస్తే గుర్తుపడతాం. అదే మూడు గీతల గుర్తు వెనుక, అందులో మరో మెనూ వెనుక దాగి ఉంటే, అది ఎక్కడుందో గుర్తుతెచ్చుకోవాలి.

వీటికి కళ్ల సంగతి తోడవుతుంది. నలభై దాటాక చత్వారం వస్తుంది. ఆ తర్వాత లేత రంగుల మధ్య తేడా పట్టే శక్తి తగ్గుతుంది. తెల్లటి తెర మీద బూడిదరంగు అక్షరాలు ఇరవై ఏళ్ల డిజైనర్‌కు అందంగా కనిపించవచ్చు, అరవై ఏళ్ల కంటికి అవి కనిపించవు. తెలుగుకు ఇంకో చిక్కుంది. మన అక్షరాలకు కింద ఒత్తులుంటాయి, పైన గుడులుంటాయి. ఇంగ్లిష్ కొలతలకు కుదించిన గడిలో తెలుగును ఇరికిస్తే పై వరుస ఒత్తు కింది వరుస గుడికి తగులుతుంది. అక్షరాన్ని పోల్చుకోవడానికే శ్రమ ఖర్చయిపోతే, అర్థం చేసుకోవడానికి మిగిలేది తక్కువ.

పైలట్లకూ తప్పలేదు

‘అదంతా సాకు. మాకేం ఇబ్బంది లేదే, చక్కగా వాడుతున్నాం కదా’ అని మీ ఇంట్లో పిల్లలు అనవచ్చు. వాళ్లకు ఈ కథ చెప్పండి.

రెండో ప్రపంచయుద్ధంలో అమెరికా వాడిన బి-17 బాంబర్ల విషయంలో ఒక వింత జరిగేది. విమానం క్షేమంగా దిగిన తర్వాత, రన్‌వే మీద ఉండగానే పైలట్ చక్రాలను లోపలికి ముడిచేసేవాడు. విమానం బోర్లాపడేది. దీన్ని పైలట్ల తప్పిదంగానే రాసుకునేవారు. 1943లో ఆల్ఫన్స్ షపానిస్ అనే యువ మనస్తత్వ శాస్త్రవేత్త కాక్‌పిట్‌లోకి తొంగిచూస్తే విషయం బయటపడింది. రెక్కల ఫ్లాప్‌ల మీటా, చక్రాల మీటా పక్కపక్కనే, ఒకేలా ఉన్నాయి. దిగగానే ఫ్లాప్‌లు ముడవబోయి చక్రాలు ముడుస్తున్నారు. పరిష్కారం చాలా చిన్నది. చక్రాల మీటకు చిన్న చక్రం ఆకారంలో, ఫ్లాప్‌ల మీటకు రెక్కలాంటి ఆకారంలో పిడి పెట్టారు. చేత్తో తడిమితేనే తేడా తెలిసిపోయేది. 1947లో పాల్ ఫిట్స్, రిచర్డ్ జోన్స్ ఇలాంటి 460 ‘పైలట్ తప్పిదాల’ను పరిశీలించారు. వాటిలో చాలావాటి వెనుక ఉన్నది మీటలను అమర్చిన తీరేనని తేల్చారు.

వాళ్లంతా ఎంపిక చేసి, శిక్షణ ఇచ్చిన ఆరోగ్యవంతులైన యువకులు. వాళ్లకు మతిమరుపు లేదు.

మనకు దగ్గరి ఉదాహరణ ఏటీఎం. తొలినాళ్ల యంత్రాల్లో కొన్ని ముందు డబ్బు ఇచ్చి, తర్వాత కార్డు ఇచ్చేవి. వచ్చిన పని డబ్బు తీసుకోవడం. అది చేతిలో పడగానే పని అయిపోయిందని మనసు చెబుతుంది. దాంతో జనం కార్డు మరచిపోయి వెళ్లిపోయేవారు. వరుస మార్చి, కార్డు తీసుకున్నాకే డబ్బు వచ్చేలా చేశారు. జనం జ్ఞాపకశక్తి పెరగలేదు. కానీ మరచిపోయే కార్డులు తగ్గాయి.

డాక్టర్ల స్క్రీన్ సంగతీ అంతే

ఆసుపత్రుల్లో మందులు కంప్యూటర్ ద్వారా రాయడం మొదలైనప్పుడు చేతిరాత తిప్పలు పోతాయని అందరూ సంతోషించారు. నిజంగానే కొన్ని పొరపాట్లు పోయాయి. అయితే 2005లో అమెరికాలోని ఒక పెద్ద బోధనాసుపత్రి వ్యవస్థను పరిశీలించిన పరిశోధకులు, ఆ కంప్యూటర్ పద్ధతి కొత్తగా 22 రకాల మందుల పొరపాట్లకు దారి తీయగలదని కనుగొన్నారు. ఒక రోగి వాడుతున్న మందులన్నీ చూడాలంటే కొన్నిసార్లు 20 దాకా స్క్రీన్లు తిరగాల్సి వచ్చేది. ఏడో స్క్రీన్లో చూసింది పదిహేనో స్క్రీన్ దగ్గరికి వెళ్లేసరికి ఎవరికి గుర్తుంటుంది?

పని వల్ల మెదడు మీద పడే భారాన్ని కొలవడానికి నాసాలో ఒక పద్ధతి రూపొందించారు. ఎంత ఆలోచించాల్సి వచ్చింది, ఎంత తొందరపడాల్సి వచ్చింది, ఎంత విసుగు కలిగింది వంటి ఆరు ప్రశ్నలుంటాయి. 2011లో మాయో క్లినిక్ పరిశోధకులు ఈ కొలతనే ఐసీయూ సిబ్బంది మీద వాడారు. మామూలు స్క్రీన్‌తో ఒకసారి, అవసరమైన వివరాలను మాత్రమే గుంపులుగా అమర్చిన స్క్రీన్‌తో ఇంకోసారి పని చేయించారు. రెండోదాంతో భారం తగ్గింది, పొరపాట్లూ తగ్గాయి. మనుషులు అదే చదువు, అదే అనుభవం ఉన్నవాళ్లు. మారింది స్క్రీన్ మాత్రమే.

కాబట్టి ఫోన్ దగ్గర తడబాటును చూసి ఎవరి మెదడుకూ మార్కులు వేయకండి.

అయితే అసలు జబ్బును పట్టేదెలా?

ఇక్కడే జాగ్రత్త కావాలి. తడబాట్లన్నిటినీ స్క్రీన్ మీదకు నెట్టేస్తే నిజమైన జబ్బు చేయిదాటిపోతుంది. మన దేశంలో 60 ఏళ్లు దాటినవారిలో దాదాపు 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని 2023లో ప్రచురితమైన అధ్యయనం అంచనా వేసింది. తక్కువ సంఖ్యేమీ కాదు. అలాగని వందలో తొంభై మందికి పైగా అది లేనివారేనని కూడా మరవకూడదు. డబ్బు లెక్కలు చూసుకోలేకపోవడం డిమెన్షియా తొలి సూచనల్లో ఒకటి. అందుకే బిల్లు కట్టలేకపోవడాన్ని కొట్టిపారేయనూ కూడదు, వెంటనే జబ్బు పేరు పెట్టనూ కూడదు.

మళ్లీ మన ప్రశ్న దగ్గరికే వద్దాం. స్క్రీన్ మారిందా? మనిషి మారారా?

యాప్ అప్‌డేట్ అయింది, ఫోన్ కొత్తది, భాష మారింది, కళ్లజోడు పాతది... వీటిలో ఏదైనా ఉండి, స్క్రీన్‌కు బయట ఆయన మామూలుగానే ఉంటే, ముందు స్క్రీన్‌ను సరిచేసి చూడండి. కొత్త పద్ధతి రెండు మూడుసార్లు నిదానంగా చూపిస్తే చేయగలుగుతున్నారా? అయితే కంగారు అక్కర్లేదు.

ఏదీ మారలేదు. అదే ఫోన్, అదే యాప్, ఏళ్లుగా చేస్తున్న అదే పని. అయినా ఇప్పుడు చేయలేకపోతున్నారు. అప్పుడు డాక్టర్ని కలవాలి. ఈ లక్షణాలు తోడైతే అసలు ఆలస్యం వద్దు:

- ఫోన్‌తో సంబంధం లేని పనుల్లోనూ తడబాటు. ఉదాహరణకు రోజూ పెట్టే పప్పుచారు ఎలా పెట్టాలో తికమకపడటం, తెలిసిన వీధిలో దారి తప్పడం.
- ఒకే ప్రశ్నను, జవాబు విన్న కాసేపటికే మళ్లీ మళ్లీ అడగడం.
- కట్టిన బిల్లే మళ్లీ కట్టడం, కట్టిన సంగతి గుర్తుచేసినా జ్ఞాపకం రాకపోవడం.
- మామూలు మాటలకే పదాలు దొరక్కపోవడం, స్వభావంలో మార్పు, ఇష్టమైన వాటిమీద ఆసక్తి పోవడం.
- తేడా తమకు తెలియకపోవడం, ఇంట్లోవాళ్లు మాత్రమే గమనించడం.

ఇవన్నీ నెలల తరబడి మెల్లగా పెరిగేవి. గంటల్లో, ఒకటి రెండు రోజుల్లో అయోమయం మొదలైతే అది వేరే సంగతి. ఇన్ఫెక్షన్, రక్తంలో సోడియం లేదా చక్కెర పడిపోవడం వంటివి కారణం కావచ్చు. మూతి వంకర పోవడం, ఒకవైపు చేయి కాలు పడిపోవడం, మాట ముద్దగా రావడం ఉంటే పక్షవాతం. ఇవి అత్యవసరాలు. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

మతిమరుపుతో వచ్చిన ప్రతివారికీ డిమెన్షియా ఉండదు. బి12 విటమిన్ లోపం, థైరాయిడ్ తగ్గడం, డిప్రెషన్, నిద్రలేమి, వినికిడి లోపం వల్ల కూడా జ్ఞాపకం మందగిస్తుంది. ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ వేసుకునే మధుమేహుల్లో బి12 తగ్గవచ్చు. నిద్రమాత్రలు, మత్తునిచ్చే కొన్ని జలుబు మాత్రలు పెద్దవారిలో తికమక తెస్తాయి. వీటిలో చాలావాటికి చికిత్స ఉంది. డాక్టర్ దగ్గరికి వచ్చేటప్పుడు వేసుకునే మందులన్నీ ఒక సంచిలో వేసుకుని తీసుకురండి.

ఇంట్లో ఏం చేయవచ్చు?

పెద్దవాళ్ల ఫోన్‌ను వాళ్ల పక్కన కూర్చుని సర్దండి. వాళ్లు లేనప్పుడు సర్దితే అది వాళ్లకు మరో అప్‌డేట్ అవుతుంది.

- ముందు కళ్లు చూపించండి. శుక్లాలుంటే ఏ సెట్టింగూ పూర్తిగా ఆదుకోదు.
- అక్షరాల సైజు పెంచండి, కానీ మితంగా. మరీ పెంచితే కొన్ని యాప్‌లలో బటన్లు తెర బయటికి పోతాయి. పెంచాక వాళ్లు వాడే ప్రతి యాప్‌నూ ఒకసారి తెరిచి చూడండి.
- మొదటి స్క్రీన్ మీద రోజూ వాడే ఆరేడు గుర్తులే ఉంచండి. వాటి చోటు మార్చకండి. చేయి తగిలి జరిగిపోకుండా లాక్ చేసే వీలు చాలా ఫోన్లలో ఉంది. శామ్‌సంగ్‌లో ‘ఈజీ మోడ్’, ఐఫోన్‌లో ‘అసిస్టివ్ యాక్సెస్’ ఇందుకోసమే పెట్టారు.
- భాష విషయంలో మీ ఇష్టం కాదు, వాళ్ల అలవాటు చూడండి. ఇంగ్లిష్‌లో నేర్చుకున్నవారికి తెలుగులోకి మార్చినా, తెలుగుకు అలవాటుపడినవారికి ఇంగ్లిష్‌లోకి మార్చినా మొదటికొస్తుంది.
- షాపింగ్, గేమ్స్, లోన్ల నోటిఫికేషన్లు ఆపేయండి.
- సర్వీసు నంబరు, గ్యాస్ కన్స్యూమర్ నంబరు పెద్ద అక్షరాలతో అట్ట మీద రాసి ఫోన్ పక్కన పెట్టండి. కాగితం మీద పెట్టిన బరువు మెదడు మోయక్కర్లేదు. పిన్‌లు, పాస్‌వర్డులు మాత్రం అలా రాయకండి.
- డబ్బు పనికి ఒక వేళ పెట్టుకోమనండి. టీవీ మోగుతూ, కుక్కర్ కూస్తూ ఉన్నప్పుడు వద్దు.
- నేర్పేటప్పుడు ఫోన్ వాళ్ల చేతిలోనే ఉండాలి. నొక్కాల్సింది వాళ్ల వేలే. ఒక రోజుకు ఒకే పని. మర్నాడు, మళ్లీ వారం తర్వాత అదే పని వాళ్లతోనే చేయించండి. మీరు చకచకా నొక్కి ‘చూశారా, ఇంతే’ అంటే నేర్చుకున్నది మీరే.
- ల్యాబ్ రిపోర్టు వాట్సాప్‌లో వస్తే ప్రింట్ తీయించండి. ఫోన్లో పెద్దది చేసి చూస్తుంటే విలువ ఒక మూల, ఉండాల్సిన హద్దు తెర బయట ఉండిపోతాయి. ఒక వరుస విలువను పక్క వరుస హద్దుతో పోల్చుకుని హడలిపోయేవారు, ధీమాపడేవారు ఇద్దరూ ఉన్నారు.

మరొకటి. సైబర్ మోసగాళ్లకు ఈ గట్టు సంగతి మనకంటే బాగా తెలుసు. ఫోన్లో గుక్కతిప్పుకోకుండా మాట్లాడుతూ, ‘ఇది నొక్కండి, అది చదవండి, వెంటనే’ అని తొందరపెట్టేది అందుకే. గట్టు నిండిపోతే ఆలోచనకు చోటుండదు. ఇంట్లో అందరికీ రెండే మాటలు నూరిపోయండి. డబ్బు రావడానికి యూపీఐ పిన్ ఎప్పుడూ అక్కర్లేదు. ఎవరైనా తొందరపెడితే ఫోన్ పెట్టేయాలి. డబ్బు పోయిందని తెలిసిన క్షణమే 1930కి ఫోన్ చేయాలి.

పిల్లల చదువుకూ ఇదే సూత్రం

గట్టు చిన్నదిగా ఉండేది పెద్దవాళ్లకే కాదు, చిన్నపిల్లలకు కూడా. ప్రశ్న పైన, బొమ్మ కింద, మధ్యలో వేలితో జరుపుకుంటూ చదివే పాఠం వాళ్లకు ఎక్కువ భారం. 2009లో వచ్చిన ఒక అధ్యయనంలో, క్లిష్టమైన పాఠాన్ని స్క్రోల్ చేస్తూ చదివినవారికి పేజీలుగా చదివినవారి కంటే తక్కువ అర్థమైంది. వర్కింగ్ మెమరీ తక్కువగా ఉన్నవారికి నష్టం మరీ ఎక్కువ. 2018లో 54 అధ్యయనాలను, లక్షా డెబ్భై వేలకు పైగా పాఠకుల ఫలితాలను కలిపి చూసినప్పుడు కూడా, ముఖ్యంగా సమయం తక్కువగా ఉన్నప్పుడు, కాగితం మీద చదివినవారిదే పైచేయిగా కనిపించింది. కాబట్టి పరీక్షకు చదవాల్సిన పాఠం కాగితం మీద ఉండనివ్వండి. ఆన్‌లైన్ క్లాసయితే ఒకే విండో తెరిచి ఉంచి, చాట్ బాక్స్ మూసేయించండి.

‘కష్టపడితే మెదడుకు మంచిదే కదా?’

మంచి ప్రశ్న. పెద్దవయసులో కొత్తవి నేర్చుకోవడం మెదడుకు మేలే. మనవడితో వీడియో కాల్ నేర్చుకోవడం, పదకేళి నింపడం, కొత్త భాష, కొత్త పాట... తప్పకుండా చేయమనండి. కానీ దాచిపెట్టిన బటన్ కోసం వెతకడం ఆ కోవలోకి రాదు. నేర్చుకునే శ్రమ చివర ఏదో చేతికొస్తుంది. వెతుకులాట చివర మిగిలేది విసుగు, ‘నావల్ల కాదు’ అన్న భావన. ఆ భావనే ప్రమాదకరం. మొదట ఫోన్ వదిలేస్తారు. తర్వాత బ్యాంకు పని. ఆపైన తన పింఛను ఎంత పడిందో అడగడం కూడా మానేస్తారు. మెదడుకు కావాల్సిన వ్యాయామం అలా ఒక్కొక్కటిగా ఇంట్లోవాళ్ల చేతుల్లోకి వెళ్లిపోతుంది. ప్రేమతోనే లాక్కుంటాం. అయినా లాక్కోవడమే.

తయారుచేసేవారి బాధ్యత

ఇళ్లల్లో ఎంత సర్దుకున్నా సగం పనే అవుతుంది. మిగతా సగం స్క్రీన్లు తయారుచేసేవారి చేతిలో ఉంది. వెబ్ పేజీల్లో మామూలు అక్షరాలకూ వెనుక రంగుకూ మధ్య తేడా కనీసం 4.5కు 1 నిష్పత్తిలో ఉండాలని అంతర్జాతీయ ప్రమాణాలు చెబుతున్నాయి. దాన్ని పాటించడానికి ఖర్చేమీ కాదు.

కావాలని తికమకపెట్టే స్క్రీన్లూ ఉన్నాయి. ‘వద్దు’ అనే బటన్‌ను కనబడకుండా చేయడం, అడగని వస్తువును బుట్టలో చేర్చడం, చేరడం ఒక్క నొక్కులో అయిపోయి మానుకోవడం మాత్రం పది మెట్లెక్కినట్టు ఉండటం. వీటిని డార్క్ ప్యాటర్న్స్ అంటారు. మన కేంద్ర వినియోగదారుల పరిరక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరు 30న ఇలాంటి 13 పద్ధతులను నిషేధిస్తూ మార్గదర్శకాలు ఇచ్చింది. మీకు ఎదురైతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు చెప్పండి. అది మీ అజాగ్రత్త అనుకుని ఊరుకోకండి.

ప్రభుత్వ సేవలకూ ఇదే మాట వర్తిస్తుంది, మా ఆసుపత్రులకు కూడా. క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి ఓపీ టోకెన్ తీసుకునే పద్ధతి వచ్చాక చాలామందికి వరుసలో నిలబడే బాధ తప్పింది. మంచిదే. కానీ జ్వరంతో వచ్చిన డెబ్భై ఏళ్ల మనిషికి ఫోన్ తప్ప ఇంకో దారి లేకుండా చేయకూడదు. పక్కనే మనిషి ఉన్న కౌంటర్ ఉండాలి. ఏ యాప్ అయినా జనంలోకి వదిలేముందు అరవై దాటినవారు పదిమంది చేతికిచ్చి, పక్కన నిలబడి, ఏమీ చెప్పకుండా చూడాలి. వాళ్లు ఎక్కడ ఆగిపోతే అక్కడ దిద్దాల్సింది స్క్రీన్‌నే. రూపం మార్చినప్పుడు పాత రూపం కొన్నాళ్లు ఎంచుకునే వీలు ఇవ్వాలి.

ఈ ఆదివారం ఒక అరగంట తీసి అమ్మ ఫోనో, నాన్న ఫోనో, అత్తయ్యగారి ఫోనో పట్టుకుని వాళ్ల పక్కన కూర్చోండి. ‘ఇందులో మీకు విసుగు తెప్పించేది ఏమిటి?’ అని అడగండి. వాళ్లు చూపించింది సరిచేయండి. వచ్చే నెల బిల్లు వాళ్లనే కట్టనివ్వండి. రెండుసార్లు తప్పు పోయినా పరవాలేదు, పక్కనుండి చూడండి. అన్నీ సరిచేశాక కూడా తడబాటు తగ్గకపోతే, గమనించినవన్నీ తేదీలతో ఒక కాగితం మీద రాసుకుని మా దగ్గరికి రండి. ‘నాన్నగారికి మతిమరుపు’ అన్న ఒక్క మాట కంటే ఆ కాగితం మాకు ఎంతో ఎక్కువ చెబుతుంది.